డీజిల్‌ కాలుతోంది.. లెక్కకు ఎక్కదేం?
చిన్న గుత్తేదారుల ప్రయాణ ఖర్చులకు పుస్తకాలే ఆధారం

పాడేరు, ముంచంగిపుట్టు వంటి మన్యం మండలాల్లో పనులు చేసే చిన్న గుత్తేదారులకు ప్రయాణ ఖర్చు తక్కువేమీ కాదు. పని ప్రదేశానికి, సామగ్రికి, కొలతలకు, బిల్లులకు నిత్యం తిరగాల్సిందే. ఆ ఖర్చుకు ఆదాయపు పన్నులో మినహాయింపు దక్కుతుందా, లేదా అన్నది వారు ఎంచుకున్న విధానంపైనే ఆధారపడి ఉంటుంది.

అంచనా విధానంలో అంతే..
చిన్న వ్యాపారులు పుస్తకాలు రాయనక్కర లేకుండా అంచనా ఆదాయ విధానం ఉంది. 1961 చట్టంలో ఇది 44ఏడీ సెక్షన్‌. 2026 ఏప్రిల్‌ 1 నుంచి అమలయ్యేలా తెచ్చిన 2025 చట్టంలోనూ దీన్ని ఉంచారు. వార్షిక రాబడి రూ.2 కోట్లు, నగదు వసూళ్లు 5 శాతం మించకుంటే రూ.3 కోట్ల వరకు ఇది వర్తిస్తుంది. రాబడిలో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన మొత్తంపై 6 శాతం లాభంగా చూపితే చాలు. అయితే డీజిల్‌, బస, వాహన తరుగుదల అన్నీ అందులో కలిసిపోయినట్లే. విడిగా తగ్గించుకునే వీలుండదు.

తేడా రూ.లక్ష పైనే
ఉదాహరణకు బ్యాంకు ద్వారా రూ.2.5 కోట్ల బిల్లులు వస్తే అంచనా లాభం రూ.15 లక్షలు. వేరే ఆదాయం లేకుంటే కొత్త పన్ను విధానంలో 2025-26కు సెస్సుతో కలిపి పన్ను రూ.1,09,200. దూరాభారం వల్ల నిజంగా మిగిలింది రూ.10 లక్షలేనని పుస్తకాలు నిరూపిస్తే, రిబేటుతో కట్టాల్సింది ఏమీ ఉండదు.

కాగితం ఉండాలి
పుస్తకాల విధానంలోనూ పని నిమిత్తం చేసిన ప్రయాణానికే మినహాయింపు. సొంత అవసరాలకు వాడిన మేరకు తీసివేయాలి. తేదీ, వెళ్లిన చోటు, పని, కిలోమీటర్లతో లాగ్‌బుక్కు, బంకు బిల్లులు భద్రపరచాలి. ఒకే వ్యక్తికి ఒకే రోజు రూ.10 వేలకు మించి నగదు ఇస్తే, కొన్ని మినహాయింపులు తప్ప, ఆ ఖర్చు చెల్లదు.

విధానం మార్చుకోవడమూ తేలిక కాదు. అంచనా విధానంలో చేరి అయిదేళ్లలోపు బయటకు వస్తే తర్వాతి అయిదేళ్లు మళ్లీ చేరలేరు. పన్ను పరిమితి దాటిన ఆదాయం ఉంటే ఆడిట్‌ తప్పదు. ఆడిటరు రుసుమునూ లెక్కలోకి తీసుకుని, ఏది మేలో ఏడాది ఆరంభంలోనే తేల్చుకోవాలి. మార్చి దాటాక పాత ప్రయాణాలకు బిల్లులు వెతికినా ప్రయోజనం ఉండదు.