రుజువు అయ్యేదాకా ఆగాలా?

ఆదివారం పొద్దున మా వీధి హోటలు ముందు నిలబడి చూడండి. పొగలు కక్కే సాంబారును పలుచటి ప్లాస్టిక్ కవర్లో పోసి, దారం చుట్టి చేతికిస్తారు. మనం ఇంటికి తెచ్చి ఇడ్లీల మీద పోసుకుంటాం. వద్దంటే, "ఇన్నేళ్ళుగా తింటున్నాం, మాకేమయింది?" అంటారు పెద్దలు. ఆ మాటకే నా జవాబు ఇది.

ప్లాస్టిక్ మట్టిలో కలిసిపోదు, చిన్న చిన్న ముక్కలవుతుంది. 5 మిల్లీమీటర్ల కన్నా చిన్నవాటిని మైక్రోప్లాస్టిక్ అంటారు. నీళ్ళతో, తిండితో, గాలితో అవి మన ఒంట్లోకి చేరుతున్నాయి. పేపర్ కప్పు మంచిదనుకుంటాం. దాని లోపల కూడా ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు అలాంటి కప్పులో 100 మి.లీ. వేడి నీళ్ళు 15 నిమిషాలు ఉంచి చూశారు. సుమారు 25,000 రేణువులు నీళ్ళలోకి దిగాయి.

మరి గుండెకేం సంబంధం? 2024 మార్చిలో ఇటలీ వైద్యులు ఒక పరిశోధన ప్రకటించారు. మెడ రక్తనాళంలో పేరుకున్న కొవ్వును ఆపరేషన్ చేసి తీసిన 257 మందిని దాదాపు మూడేళ్ళు గమనించారు. 150 మంది కొవ్వులో ప్లాస్టిక్ దొరికింది. గుండెపోటు, పక్షవాతం, మరణం, ఈ మూడింటి ముప్పు మిగతావారికంటే వీరికి నాలుగున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది.

"ప్లాస్టిక్ వల్లనే అని రుజువైందా?" అని అడుగుతారు. కాలేదు. రెండూ కలిసి కనిపించాయనే వాళ్ళూ చెప్పారు. అయితే రుజువు అయ్యేదాకా తింటూనే ఉండాలా? నా భయం తప్పయితే మనకు పోయేది ఒక గిన్నె కడిగే శ్రమ. మీ ధైర్యం తప్పయితే పోయేది గుండె. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

తమిళనాడులో ఈ కవర్లను, ప్లాస్టిక్ పొర ఉన్న కప్పులను 2019 జనవరి 1 నుంచే నిషేధించారు. 2021లో పసుపు సంచి పథకం కూడా వచ్చింది. అయినా కవరు ఎందుకు పోలేదు? అంగడివాణ్ణి తిట్టి లాభం లేదు. చేతులూపుకుంటూ వెళ్ళి "పార్సిల్" అని అడిగేది మనమే కదా!

అమ్మానాన్నలకు ఒక్క మాట: హోటలుకు వెళ్ళేటప్పుడు స్టీలు క్యారియర్ తీసుకెళ్ళండి. మా అయ్యవార్లకు, టీచరమ్మలకు ఒక మనవి: ఈసారి బడి వార్షికోత్సవంలో కాఫీ స్టీలు గ్లాసుల్లో ఇవ్వండి. కడగడానికి మనుషులు లేరంటారేమో, మా తరగతి పిల్లలం మేమున్నాం.