ఒంటికి అంటిన యాంటెన్నా
గుండె లయను అనుక్షణం కొలిచి తీగలు లేకుండా ఫోనుకు పంపే పట్టీల విషయంలో పేరంతా సెన్సర్లకే దక్కుతుంది గానీ, ఆ సంకేతాన్ని మోసే యాంటెన్నా పాట్లు ఎవరికీ పట్టవు. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద పర్మిటివిటీ, అంటే విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంతగా స్పందిస్తుందో తెలిపే సంఖ్య, గాలికి దాదాపు 1 కాగా చర్మానికి సుమారు 38. అందువల్ల ప్రయోగశాల బల్లపై చక్కగా పనిచేసిన యాంటెన్నా ఒంటికి అంటించగానే అనునాదం, అంటే అది బలంగా స్పందించే పౌనఃపున్యం, కిందికి జారి, ప్రసరించవలసిన శక్తిలో చాలా భాగాన్ని నీరు నిండిన కణజాలానికి ధారపోస్తుంది. అడుగున లోహపు పొర పరిస్తే ఈ నష్టం తగ్గుతుంది. అయితే పట్టీ పలచనయ్యేకొద్దీ పనిచేసే పౌనఃపున్యాల పరిధి ఇరుకై, మోచేయి వంగినా, చెమట పట్టినా శ్రుతి తప్పుతుంది. ఇలాంటి పట్టీలు సాధారణంగా మిల్లీవాట్లలోనే శక్తిని ప్రసారం చేస్తాయి గనుక రేడియేషన్ భయం కన్నా, అవసరమైన ఘడియలో సంకేతం తెగిపోవడమే పెద్ద ముప్పు. కాబట్టి తయారీదారులు వీటిని కృత్రిమ నమూనాలపైనే కాక, బక్కపలచని వారిపైనా స్థూలకాయులపైనా, నడుస్తూ చెమటోడుస్తున్నప్పుడు కూడా పరీక్షించి ఫలితాలను బయటపెట్టాలి.