గట్టు అచ్చుకట్టుగా ఉండాలంటే

మేము చదువుకున్నది కన్నడ మీడియంలో. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. తెలుగు అక్షరాలు తర్వాత ఇంట్లోనే కూడబలుక్కుని నేర్చుకున్నాం. అందుకే కొన్ని మాటలు ఇప్పటికీ మాకు ముందు కన్నడంలోనే తడతాయి. వంటింటి గట్టు గురించి రాద్దామని కూర్చుంటే అట్ల తట్టిన మాట ‘అచ్చుకట్టు’. కన్నడంలో అచ్చుకట్టు అంటే పొందికగా, శుభ్రంగా ఉండడం. చెరువు నీళ్లు పారే భూమిని కూడా అచ్చుకట్టు అనే అంటారు. తెలుగులో మనం దాన్నే ఆయకట్టు అంటాం. బాగేపల్లి పక్క చెరువులు చూసి పెరిగినవాళ్లం కాబట్టి మాకు ఈ రెండు అర్థాలూ దగ్గరివే అనిపిస్తాయి. తూము పక్క మడి పచ్చగా ఉంటే గొప్పేముంది? చివరి మడికి నీళ్లు అందినాయా లేదా అన్నదే లెక్క.

వంటింట్లో చివరి మడి సింకు. గట్టు అందం అక్కడ తేలుతుందని మా అభిప్రాయం. ఇది మాకు తెలివితో తెలిసింది కాదు, సిగ్గుపడి తెలుసుకున్నది.

మా పాత ఇంట్లో గట్టూ లేదు, సింకూ లేదు. అవ్వ పొయ్యి ముందు పీటేసుకుని కూర్చుని వండేది. బోకులు తోమేది ఇంటి వెనక బచ్చలి బండ దగ్గర. పొయ్యిలో బూడిద, కొబ్బరి పీచు, ఇత్తడికైతే చింతపండు. తోమిన నీళ్లు అరటి పాదుకి పోయేవి. కడిగిన బోకులు ఎండలో బోర్లించేది. వండే చోటుకి, తోమే చోటుకి నడుమ ఇల్లంతా అడ్డం ఉండేది. కాబట్టి ఎంగిలి బోకు పొయ్యి దగ్గరికి వచ్చే మాటే లేదు. అట్లని ఆ కాలమే బంగారం అనలేం. వానలో, చలిలో ఆ బండ దగ్గర వంగి వంగి అవ్వ నడుము మళ్లీ నిటారు కాలేదు.

ఇప్పుడు బెంగళూరు ఫ్లాటులో వండేదీ తోమేదీ ఒకే గ్రానైటు బండ మీద, రెండు మూరల ఎడంలో. గట్టు ఎప్పుడూ చిందరవందరగా ఉండడానికి అసలు కారణం ఇదే. మన బద్ధకం కొంత, అంతే. పడని రెండు పనులను పక్కపక్కన కూర్చోబెట్టి, నడుమ హద్దు గీయకపోతే తగాదా రాకుండా ఎట్ల ఉంటుంది?

మేము ఆ హద్దు గీయలేదు. పైగా ఇంకో పని చేసినాం. పాత ఇల్లు ఖాళీ చేసినప్పుడు వచ్చిన ఇత్తడి బిందె, చెంబులు, రాతిచిప్ప, ఊరగాయ జాడీలు అన్నీ తెచ్చి గట్టు మీద వరసగా పేర్చినాం. సింకు వెనక గోడకి కొక్కేలు కొట్టి గరిటెలు వేలాడదీసినాం. ఫొటో తీసి బంధువులందరికీ పంపితే, ‘అవ్వ ఉంటే ఎంత సంతోషపడేదో’ అన్నారు. మేమూ పొంగిపోయినాం.

తర్వాత ఒక పండగ మర్నాడు, పనికి వచ్చే అక్క గట్టు తుడుస్తూ మామూలుగానే ఒక మాట అనింది. ‘ఇవన్నీ దించి తుడిచి మళ్లీ ఎక్కించేసరికి బోకులు తోమినంత సేపు పడుతుంది. సర్దేటప్పుడు నన్నొక మాట అడిగుంటే చెప్పుండేదాన్ని’ అని. కోపంగా కాదు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

ఆఫీసులో మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగు. డెమోలో బాగుంది అంటే అక్కడ ఎవరూ లెక్కచెయ్యరు. వాడేవాళ్లు రోజూ నడిచే దారిలో నడిచి చూసి గానీ పాసు చెయ్యం. ఇంట్లో మాత్రం డెమో చూసి పాసు చేసేసినాం. ఆ ఆదివారం నోటుబుక్కు తీసుకుని గట్టు మీద ఉన్నవి లెక్కపెట్టినాం. మొత్తం 31. రోజూ వాడేవి 9. వారానికోసారి వాడేవి 8. వాడనివి 13. ఒక్కటి మాత్రం ఏ వరసలో రాయాలో తెలియలేదు. సింకు పక్క కిటికీలో విడిగా పెట్టిన స్టీలు లోటా అది. అక్క కాఫీ తాగేది.

లెక్కలో సాయం చేస్తున్న మా పాప అడిగింది, ‘ఇదొక్కటే ఇక్కడెందుకుంది, మిగతా లోటాలు షెల్ఫులో ఉన్నాయి కదా’ అని. మాకు నోరు పెగల్లేదు. ఎవరు పెట్టమన్నారో గుర్తు లేదు. పాత ఇంట్లో బయటి గూట్లో అట్లాంటిదే ఒకటి ఉండేది, అది మాత్రం గుర్తుంది. తోమాల్సిన బోకుల్ని తెలుగులో అంట్లు అంటాం. ఆ మాటలోనే అంటు ఉంది. మన అంట్లన్నీ ముట్టుకుని తోమే చేతికి, మన షెల్ఫులోని లోటా ముట్టుకునే అర్హత లేదని ఆ కిటికీ చెబుతూనే ఉంది. మేము దాన్ని రోజూ తళతళా తుడుచుకున్నాం.

లోటా షెల్ఫులోకి వెళ్లింది. అంత సులువుగా కాలేదు. అమ్మ రెండు రోజులు ముభావంగా ఉండింది. అక్క కూడా మొదట్లో కలిపిన లోటాల్లో కాఫీ తీసుకోవడానికి వెనకాడింది. ఇప్పుడు అలవాటైంది. ఆ తర్వాతే, అడగాల్సిన మనిషిని అడిగి గట్టు సర్దుకున్నాం.

అక్క చెప్పినవి పెద్ద రహస్యాలేమీ కావు. సింకుకి ఒకపక్క ఎంగిలి బోకులకి, ఇంకోపక్క కడిగినవాటికి చోటు. రెండూ కలవకూడదు. పొయ్యికి, ఎంగిలి పక్కకి నడుమ ఒక మూరంత బండ ఎప్పుడూ ఖాళీ. ఆ ఖాళీయే మాకిప్పుడు హద్దు. సంగటి చేసిన గిన్నెలో వెంటనే నీళ్లు పోసి పెట్టాలి. రాగి పిండి ఎండితే సిమెంటే, నానితే చేత్తో వచ్చేస్తుంది. తోమే పీచు సింకులో పడెయ్యకుండా ఆరేటట్టు వేలాడదీయాలి, తడిగా ఉంటే వాసన పట్టేస్తుంది. రాత్రి సింకు తుడిచి ఆరబెట్టాలి. బొద్దింకలు మెతుకులకే కాదు, నీళ్లకీ వస్తాయి.

బోరు నీళ్లతో కుళాయి మీద కట్టే తెల్ల పొర సుద్దలాంటిదే. పులుపుకి కరుగుతుంది. పిండేసిన నిమ్మచెక్కతో రుద్ది, పది నిమిషాలు ఉంచి కడిగితే చాలు. గట్టు పాలరాయిదైతే మాత్రం దాని మీద పులుపు పడనీయొద్దు, మెరుపు పోతుంది. సింకు కింద బెంగళూరులో అందరికీ తెలిసిన రెండు డబ్బాలు, ఒక సంచి. తడి చెత్తకి పచ్చది, పారేసే మురికికి ఎర్రది, పొడి చెత్తకి సంచి. తడి డబ్బా రోజూ ఖాళీ కావాల్సిందే.

ఎత్తు సంగతి కూడా అప్పుడే పట్టించుకున్నాం. నిలబడి మోచెయ్యి మడిస్తే, దానికి నాలుగంగుళాలు కింద గట్టు ఉంటే పని సులువు అంటారు. కానీ తోమే పని జరిగేది సింకు అడుగున, గట్టుకన్నా ఇంకా లోతులో. సింకులో స్టీలు జాలీ ఒకటి పెడితే బోకు రెండంగుళాలు పైకి వచ్చింది, నడుముకి అంత వంపు తగ్గింది.

నిలబడి వండే వంటగది గురించి చదువుతుంటే ఒక విషయం తెలిసింది. ఇప్పటి అమర్చిన వంటగదులకు తల్లిలాంటిదని చెప్పే నమూనా 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో తయారైంది. గీసింది మార్గరెట్ షూట్టె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు. వెడల్పు రెండు మీటర్లు కూడా లేని గది అది. వండే మనిషికి అడుగులు తగ్గాలని, పని ఎట్ల జరుగుతుందో కొలిచి చూసి గీసిందట. మనం ఇప్పుడు కేటలాగు చూసి గట్టు ఎంచుకుంటాం. పనిచేసే మనిషిని చూసి ఎంచుకోవడం మర్చిపోయినాం.

‘పాతవన్నీ దాచేస్తే పిల్లలకి మన పెద్దల సంగతి ఎట్ల తెలుస్తుంది’ అని పెద్దమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. మేము ఏదీ పారెయ్యలేదు. బిందె, చెంబులు హాల్లో అలమరలో ఉన్నాయి. నెలకోసారి వాటిని తోమేది మేమే, అక్క కాదు. రాతిచిప్ప మాత్రం గట్టు మీదికే తిరిగొచ్చింది, ఈసారి పులుసు కాయడానికి. వాడే వస్తువుకి గట్టు మీద చోటుంది. చూసి మురిసే వస్తువుకి ఇంట్లో ఇంకో చోటుంది. అవ్వ నుంచి మాకు రావాల్సింది ఆమె ఇత్తడి ఒక్కటే కాదు, ఎంగిలిని పొయ్యి దగ్గరికి రానివ్వని ఆమె కట్టుబాటు కూడా. ఆమె నడుము నొప్పి, ఆ బయటి గూట్లోని లోటా మాత్రం వారసత్వంగా వద్దు.

ఇంకొక్క మాట. ‘పనిమనిషి ఉంది కదా, పొద్దున చూసుకుంటుంది’ అని రాత్రి సింకు నింపి పడుకోవడం మన ఇళ్లల్లో మామూలు. చెరువు కింద నీళ్లకి వంతులున్నట్టు, మా ఇంట్లో రాత్రి సింకుకి వంతులు పెట్టుకున్నాం. మగవాళ్లకీ వంతుంది, చుట్టంగా వచ్చి నాలుగు రోజులుండే బావకీ ఉంది.

కాబట్టి మీరు మీ గట్టు ఫొటో పంపితే పొద్దున సర్ది తీసింది వద్దు. రాత్రి తొమ్మిదిన్నరకి, భోజనాలయినాక తీసింది పంపండి. మేమూ పంపుతాం. నిన్న రాత్రిది మాత్రం అడగొద్దు, వంతు తప్పినాం.