స్క్రీన్‌షాట్ లేని బగ్గు: మన పిల్లల చెవులు

"అప్లికేషన్ పనిచెయ్యట్లేదు" అని క్లయింటు ఒక్క ముక్క రాసి పంపితే మనమేం చేస్తాం? స్క్రీన్‌షాట్ పెట్టవయ్యా, లాగ్ పంపవయ్యా అంటాం. అదే పిల్లల చెవి దగ్గరికొచ్చేసరికి, డాక్టరు గారు మూడు సెకన్లు తొంగి చూసి "ఇన్ఫెక్షన్" అంటారు, మనం బుద్ధిగా తలూపి మందులషాపుకి పోతాం. లోపల ఏం కనిపించిందో ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు. ఇంకో డాక్టరు దగ్గరికెళ్తే కథ మళ్ళీ మొదటికి.

గూడూరులో మా అక్క కూతురి విషయంలో ఇదే జరిగింది. (ఆసుపత్రి పేరు ఎందుకులెండి.) ఏడాది పాటు రకరకాల చుక్కల మందులు, మధ్యలో పక్కింటావిడ సలహాతో వెల్లుల్లి కాచిన నూనె. బళ్ళో ఏమో "పిలిస్తే పలకదు, మొద్దు" అని బిరుదు. చివరికి నెల్లూరులో ఒక ఈఎన్‌టీ డాక్టరమ్మ కెమెరా ఉన్న ఒటోస్కోపు పెట్టి కర్ణభేరిని తెర మీద చూపించింది. ఆ రాత్రి అక్క ఫోన్లో, "అబ్బయా, దాని వెనకాల నీళ్ళు నిలబడుండాయిరా. ఇన్నాళ్ళూ ఒక్కరన్నా నాకు చూపీలేదే!" అంది. చెవి ముట్టుకుంటేనే గోల చేసే పిల్ల, రెండో చెవి తనే తిప్పి చూపించిందట.

చిన్నపిల్లల్లో ముక్కు వెనక నుంచి మధ్యచెవికి వెళ్ళే గొట్టం పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే అది మూసుకుపోయి లోపల నీరు చేరుతుంది. నొప్పి ఉండకపోవచ్చు, వినికిడి మాత్రం మందగిస్తుంది. చాలామందిలో మూడు నెలల్లో దానంతటదే పోతుంది. పోయిందో లేదో తెలియాలంటే పాత ఫోటో పక్కన కొత్త ఫోటో పెట్టి చూడాలి కదా? నొప్పితో వచ్చే ఇన్ఫెక్షన్ సంగతి కూడా అంతే. రెండేళ్ళు దాటిన పిల్లల్లో తీవ్రత లేకపోతే, తల్లిదండ్రులతో మాట్లాడుకుని, 48 నుంచి 72 గంటలు యాంటీబయాటిక్ లేకుండా కనిపెట్టుకుని ఉండొచ్చని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2013లోనే చెప్పింది. ఏమీ చూపించకుండా "ఆగండమ్మా" అంటే ఏ తల్లి ఆగుతుంది? మందు రాయని డాక్టరుని ఏమీ తెలీనివాడనుకుంటుంది.

"రోజుకి వందమందిని చూస్తాం, ఇవన్నీ చూపించే టైమెక్కడ?" అంటారు. ఫోటో డాక్టరే తియ్యాలని ఎవరన్నారు? 2013లో మొదలైన మెడ్‌ట్రానిక్ వాళ్ళ 'శ్రుతి' కార్యక్రమంలో ఢిల్లీ బస్తీల్లో ఆరోగ్య కార్యకర్తలే ఫోనుకి అమర్చిన ఒటోస్కోపుతో చెవులు చూశారు. మా గూడూరు నిమ్మకాయలు ఢిల్లీ మార్కెట్టుకి పోతాయి గానీ, అక్కడి ఈ పద్ధతి మా అక్క దాకా రాలేదు! 2013లోనే వచ్చిన ఆర్‌బీఎస్‌కే పథకం జాబితాలో చెవి ఇన్ఫెక్షన్, వినికిడి లోపం రెండూ ఉన్నాయి. ఆ బృందం బడికి రావాల్సింది ఏడాదికి ఒకసారి. ఆ ఒక్కసారైనా కెమెరా ఒటోస్కోపుతో చూసి, ఫోటో తల్లి ఫోనుకి పంపాలి. లక్షలు పోసి కాక్లియర్ ఇంప్లాంట్లు పెట్టించగలిగిన ప్రభుత్వాలకి ఇదొక ఖర్చా? (అవి వేరే పిల్లలకి, అవీ కావాల్సిందే.)

ఇక మనవాళ్ళు. ఇక్కడిదాకా చదివేసరికే ఒకరిద్దరి బుర్రలో ఏఐ యాప్ డిజైన్ అయిపోయి ఉంటుంది :) కాస్త ఆగండి బాబూ. గులిమి అడ్డముంటే కెమెరాకి ఏమీ కనపడదు. మామూలు ఫోటోలో కర్ణభేరి కదులుతోందో లేదో తెలీదు. ఎంత వినపడుతోందో తేల్చడానికి వినికిడి పరీక్ష ఉండాల్సిందే. ఆ ఫోటో చూసి జవాబిచ్చే ఈఎన్‌టీ డాక్టరు అవతల లేకపోతే మీ యాప్ ఒట్టి ఆల్బం. అలాగని ఆన్‌లైన్లో దొరికే చవక గులిమి కెమెరా కొని పిల్లల చెవిలో పొడవకండి, పిల్ల కదిలిందంటే కర్ణభేరికే చిల్లు పడొచ్చు.

ఈసారి పిల్లని చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే "సార్, ఆ కనిపించేదేదో మాకూ చూపిస్తారా?" అని అడగండి. కసురుకుంటే ఫీజు కట్టేసి, చూపించే డాక్టరు ఎవరున్నారో వెతుక్కోండి.