పంక్తిలో వలపక్షం, పందిట్లో రిస్ట్‌బ్యాండు

పెళ్ళి పందిట్లోకి వెళ్తుంటే ఎవరైనా మీ మణికట్టుకి కాగితం పట్టీ ఉందో లేదో చూశారా? మా ఊళ్ళో అయితే ఎప్పుడూ చూడలేదు. పందిరి ఎవరు వేయించినా, ఎండన పడి వచ్చినవాడు కిందకొచ్చి కూర్చుంటాడు, మంచినీళ్ళు అడుగుతాడు, ఇస్తారు. అంతే. ఇంత చిన్న సంగతి నాకు మళ్ళీ గుర్తు రావడానికి బహామాస్ దాకా వెళ్ళి, ఎనిమిది వందల డాలర్లకో పందిరి అద్దెకి తీసుకోవాల్సి వచ్చింది.

అసలు విషయానికొస్తే... జులైలో మేం ఆరు కుటుంబాలు కలిసి ఫ్లోరిడా నుంచి నాలుగు రాత్రుల క్రూజుకి వెళ్ళాం. పన్నెండు మంది మేము, ఇండియా నుంచి వేసవికి వచ్చిన పెద్దవాళ్ళు నలుగురు, పిల్లలు ఆరుగురు, మొత్తం 22 మంది. ఏడో కుటుంబం కూడా రావాల్సిందే గానీ, వాళ్ళ వీసా స్టాంపింగ్ గడువు అయిపోయింది. స్టాంపింగ్ అయిపోయినా కెనడా, మెక్సికోలకి ముప్ఫై రోజుల్లోపు వెళ్ళి రావచ్చు కదా అనుకుని, హెచ్1బి వాళ్ళకి ఆ వెసులుబాటు బహామాస్‌కి వర్తించదని ఆఖర్లో తెలుసుకుని ఆగిపోయారు. (క్రూజే కదా, మళ్ళీ ఫ్లోరిడాకే వస్తాం కదా అనుకునేవాళ్ళు ఇది గమనించండి. తిరిగొచ్చాక ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర మీరు విదేశం నుంచి వచ్చినట్టే లెక్క.)

ఎక్సెల్ షీటు తెరవడం సరదా ఉన్నవాణ్ణి నేనే కాబట్టి ఏర్పాట్లన్నీ నా నెత్తిన పడ్డాయి. పడ్డాయి అనడం కూడా అబద్ధమే, నేనే తీసుకున్నా :)

తెలియనివాళ్ళ కోసం కాస్త నేపథ్యం. ఫ్లోరిడా నుంచి వెళ్ళే చిన్న క్రూజులు చాలావరకు బహామాస్‌లో ఆగుతాయి. అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటుంది. విదేశీ జెండాతో నడిచే ఓడ ప్రయాణికుల్ని అమెరికాలో ఎక్కించుకుని, మధ్యలో ఏ విదేశీ రేవూ తాకకుండా తిప్పి తీసుకురాకూడదు. పెద్ద క్రూజు ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండావే. దగ్గర్లో ఉన్న విదేశం బహామాస్. అందుకని కంపెనీలు అక్కడ దీవులే పట్టేశాయి. నార్వేజియన్ వాళ్ళు 1977లో గ్రేట్ స్టిరప్ కే తీసుకున్నారు. దాని పక్కనే ఉన్న లిటిల్ స్టిరప్ కే ఇప్పుడు రాయల్ కరీబియన్ వాళ్ళ కోకో కే. డిస్నీ వాళ్ళు గోర్డా కేకి కాస్టవే కే అని పేరు పెట్టి 1998 నుంచి ఓడలు తెస్తున్నారు. అన్నిచోట్లా పద్ధతి ఒకటే. పొద్దున దింపుతారు, సాయంత్రం ఎక్కించుకుంటారు. ఇసక, సముద్రం, పడక్కుర్చీ ఉచితం. మధ్యాహ్నం భోజనం కూడా చాలాచోట్ల ఉచితమే. గొడుగు కొన్నిచోట్ల ఉచితం, కొన్నిచోట్ల అద్దె. ఇక కబానా అనేది మాత్రం ఎప్పుడూ అద్దే.

కబానా అంటే మరీ ఊహించుకోకండి. మూడు వైపులా తెరలో గోడలో, పైన కప్పు, లోపల సోఫా, ఫ్యాను, నీళ్ళ సీసాలు పెట్టిన ఐసు పెట్టె. మన భాషలో చలువ పందిరి. మామూలుగా ఆరుగురికో ఎనిమిది మందికో ఇస్తారు. సంఖ్య దాటితే కొన్నిచోట్ల మనిషికింత అని అదనం కట్టించుకుంటారు, కొన్నిచోట్ల అసలు ఒప్పుకోరు. దీవి మొత్తం మీద ఇవి ఉండేది కొన్ని పదులే, దిగే జనం వేలల్లో. అందుకే ధర విమానం టిక్కెట్టులాగా తేదీని బట్టి, గిరాకీని బట్టి మారిపోతూ ఉంటుంది. కొన్ని కంపెనీల్లో ముందే చాలాసార్లు ప్రయాణించినవాళ్ళకి బుకింగు ముందుగా తెరుస్తారు, మనలాంటి మొదటిసారివాళ్ళు లాగిన్ అయ్యేసరికి ఖాళీ.

నేను మూడు నెలల ముందే చూశాను కాబట్టి రెండు దొరికాయి. ఒక్కోటి ఎనిమిది మందికి, ఎనిమిది వందల డాలర్లు. మా వాట్సాప్ గుంపులో ఇలా పెట్టాను: "రెండు కబానాలు, 1600. కావాల్సినవాళ్ళు చెప్పండి, తలకి వంద పడుతుంది." చూడ్డానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. బలవంతం లేదు. వాడుకున్నవాడు కడతాడు, వాడుకోనివాడు కట్టడు. నాలుగు కుటుంబాలు గంటలో సరే అన్నాయి. వాళ్ళు లెక్కకి సరిగ్గా పదహారు మంది! నా షీటులో గడులన్నీ పచ్చరంగులోకి మారిపోయాయి. ఐదో కుటుంబం, కొత్తగా పెళ్ళైన జంట, "మేం నీళ్ళలోనే ఉంటాం, మాకెందుకు" అన్నారు. వాళ్ళు నిజంగానే రోజంతా నీళ్ళలో ఉన్నారు.

ఆరో మిత్రుడు రాత్రి పదకొండింటికి జవాబిచ్చాడు. "మాకు అక్కర్లేదురా, నాన్నకి ఇసకలో కూచోవడమే ఇష్టం."

వాడి ప్రాజెక్టు ఏప్రిల్‌లో అయిపోయింది. అప్పటికి కొత్తది దొరకలేదు. క్రూజు టిక్కెట్లు అంతకుముందే కొన్నవి, రద్దు చేసుకుంటే డబ్బు పోతుందని వచ్చాడు. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా వాడి జవాబుకి బొటనవేలు బొమ్మ పెట్టి షీటు మూసేశాను.

ఇక దీవి రోజు. పొద్దున అంతా బాగానే ఉంది. వాళ్ళ నాన్నగారు ఓ కొబ్బరిచెట్టు నీడలో కుర్చీ వేసుకుని, మనవరాలు ఇసకలో గూళ్ళు కడుతుంటే చూస్తూ కూర్చున్నారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. రిటైరైన హైస్కూలు లెక్కల మాస్టారు. మేం ఉన్న కబానాలు అక్కణ్ణుంచి నలభై అడుగులు కూడా ఉండవు.

జులైలో బహామాస్ ఎండ గురించి ఓ ముక్క చెప్పాలి. ఆ దీవులు దాదాపు కర్కట రేఖ మీదే ఉంటాయి కాబట్టి, ఆ నెలలో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అదీ మన గడియారంలో పన్నెండింటికి కాదు, వేసవిలో గంట ముందుకి తిప్పుతారు కనుక ఒంటిగంట దాటాక. అంటే భోజనం చేసి కాస్త నడుం వాలుద్దాం అనుకునే వేళకి కొబ్బరిచెట్టు నీడ చెట్టు మొదట్లోకి వెళ్ళి దాక్కుంటుంది. మాస్టారు కుర్చీ మూడుసార్లు జరిపారు. నేను లెక్కపెట్టాను. సోఫాలో కూర్చుని, ఫ్యాను కింద, లెక్కపెట్టాను.

మూడోసారి లేచి వెళ్ళి, "రండి అంకుల్, లోపల కూర్చుందురుగాని" అన్నాను. "ఫరవాలేదు బాబూ, ఇక్కడ గాలి బాగుంది" అన్నారు. నేను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. కబానా దగ్గరున్న కుర్రాడు చాలా మర్యాదగానే ఆయన మణికట్టు వైపు చూశాడు. మా అందరికీ పొద్దునే నారింజరంగు పట్టీలు కట్టారు. ఆయనకి లేదు. కబానాకి ఎనిమిది మందే సార్, రెండూ నిండిపోయాయి అన్నాడు. నేను ఏదో చెప్పబోయాను. మాస్టారికి ఇంగ్లీషు బాగానే వచ్చు. ఆయన తన చేతిని మెల్లగా నా చేతిలోంచి తీసుకుని, "వాళ్ళ రూలు వాళ్ళది, ఆ అబ్బాయి ఉద్యోగం పాడు చెయ్యకు" అని వెనక్కి వెళ్ళిపోయారు. నేను నా పట్టీ తీసి ఇవ్వబోతే అది ఒకసారి కడితే ఊడేది కాదు, కత్తిరించాలి. దూరంగా నీళ్ళలోంచి మా మిత్రుడు ఇదంతా చూస్తున్నాడు. రెండింటికల్లా వాళ్ళు నలుగురూ ఓడకి తిరిగి వెళ్ళిపోయారు. మిగతావాళ్ళం నాలుగున్నర దాకా ఉన్నాం.

ఆ కుర్రాడి తప్పు ఇందులో ఏమీ లేదు. ఎనిమిది మందికి అని డబ్బు తీసుకున్నారు, ఎనిమిది మందిని ఉంచారు. తప్పు నా ప్రశ్నలో ఉంది. "కావాల్సినవాళ్ళు చెప్పండి" అని అడిగితే వచ్చే జవాబు ఎవరికి కావాలో చెప్పదు, ఎవరు కట్టగలరో చెబుతుంది. మన ఆఫీసుల్లో కూడా ఇదే తప్పు చేస్తాం. యూజరుకి ఏం కావాలో కనుక్కోకుండా ఫారంలో ఓ చెక్‌బాక్సు పెట్టి, టిక్కు పెట్టనివాళ్ళకి అవసరం లేదని తేల్చేస్తాం.

మన పెద్దవాళ్ళు పంక్తిలో వలపక్షం కూడదు అంటారు. ఒకే వరసలో కూర్చున్నవాళ్ళలో ఒకరికి నెయ్యి వేసి, పక్కవాడి విస్తరి దాటి వెళ్ళిపోకూడదని. ఎవరింట్లో వాళ్ళు ఏం తింటున్నారో ఎవరూ అడగరు. ఒకే పంక్తిలో కూర్చున్నాక మాత్రం లెక్క వేరు. ఇరవై రెండు మంది ఒకే రంగు టీషర్టులు వేసుకుని, కలిసి ఫొటోలు దిగుతూ ఒకే దీవిలో దిగడం కూడా పంక్తి లాంటిదే.

దీనికి ఎదురువాదన నాకు తెలుసు, మా ఆవిడే అంది. "నీళ్ళలో ఉన్న జంట ఎందుకు కట్టాలి? రేపు ఇంకొకరు స్కూబా అంటారు, దానికీ అందరూ కట్టాలా?" మంచి ప్రశ్నే. నా మట్టుకు నాకు తోచిన తేడా ఇదీ. స్కూబా, జారుడుబల్లలు, జెట్ స్కీలు సరదాలు. ఎవరి సరదా వారిది, ఎవరి డబ్బు వారిది. నీడ సరదా కాదు. గుంపులో పెద్దవాళ్ళు, చంటిపిల్లలు ఉన్నప్పుడు నీడ అనేది వ్యాను అద్దె లాంటిది, గుంపు ఖర్చు. వ్యానులో ఎవరు కిటికీ పక్కన కూర్చుంటే వాళ్ళు ఎక్కువ కట్టమని ఎవరూ అడగరు కదా.

ఇంకో ఎదురువాదన ఏంటంటే, అందరి మీదా వేస్తే ఉద్యోగం లేనివాడి మీద ఇంకా భారం పడుతుంది కదా అని. అందుకే లెక్క వేసి చూశాను (షీటు మళ్ళీ తెరిచాను, ఏం చేస్తాం). మేం రెండు తీసుకుని పదహారు మంది పంచుకున్నాం. మా మిత్రుడు చేరి ఉంటే నలుగురికి 400 డాలర్లు అయ్యేది. దానికి బదులు ఒక్కటే కబానా తీసుకుని ఆరిళ్ళకీ వేస్తే ఇంటికి 133 పైచిల్లర. పట్టీలు ఎనిమిది. నాలుగు పెద్దవాళ్ళవి, రెండు నిద్రపోయే చంటిపిల్లలవి, రెండు వాళ్ళని చూసుకునే తల్లులవి. మిగతా పద్నాలుగు మందిమి ముప్ఫైలకి అటూఇటూ ఉన్నవాళ్ళం, వాళ్ళ పిల్లలు. పక్కనే గొడుగుల కింద ఉచిత కుర్చీల్లో కూర్చుంటే మాకొచ్చే నష్టం ఏమీ లేదు. నిజం చెప్పాలంటే మధ్యాహ్నం మూడు దాకా మా కబానాల్లో సగం సోఫాలు తువ్వాళ్ళకే సరిపోయాయి. సగం ఖర్చులో అందరికీ సరిపోయేది. ఈ లెక్క వెయ్యడానికి ఐదు నిమిషాలు పట్టింది. మూడు నెలల ముందు ఆ ఐదు నిమిషాలు పెట్టలేదు.

కాబట్టి పెద్ద గుంపుతో వెళ్ళేవాళ్ళకి నా సలహా. ముందు ఎంతమంది వస్తున్నారని కాకుండా, మధ్యాహ్నం ఎండలో ఉండకూడనివాళ్ళు ఎంతమంది అని లెక్కపెట్టండి. ఆ సంఖ్యకి సరిపడా తీసుకోండి, అంతకు మించి వద్దు. ఖర్చు అడక్కుండా ప్రయాణం మొత్తం ఖర్చులో మొదటే కలిపెయ్యండి, అప్పుడు ఎవరూ రాత్రి పదకొండింటికి అబద్ధం ఆడాల్సిన పని ఉండదు. పట్టీలు మార్చుకోవచ్చా, అదనపు మనిషిని తీసుకుంటారా అన్నది బుక్ చేసేముందే కనుక్కోండి. కంపెనీ దగ్గరే కొంటే మంచిది, గాలి ఎక్కువై ఓడ ఆ దీవిలో ఆగకపోతే వాళ్ళు డబ్బు వెనక్కిస్తారు. జూన్ నుంచి నవంబరు దాకా తుఫాన్ల కాలం కూడాను. కబానా దొరక్కపోతే దిగులు పడకండి, మొదటి గంటలోనే దిగి గొడుగులున్న వరసలో కుర్చీలు పట్టుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, గుంపులో ఎవరైనా "మాకు అక్కర్లేదు" అంటే, విడిగా ఫోన్ చేసి మాట్లాడండి.

మాస్టారు ఆగస్టులో ఇండియా వెళ్ళిపోయారు. వెళ్ళేముందు వాళ్ళింటికి వెళ్తే సముద్రం రంగు గురించే మాట్లాడారు, అంత నీలం విశాఖలో కూడా చూడలేదన్నారు. పట్టీ ఊసు ఎత్తలేదు. మా మిత్రుడికి సెప్టెంబరులో ఉద్యోగం వచ్చింది, వాడూ ఎత్తలేదు. నేను క్షమాపణ చెబుదామని రెండుసార్లు ఫోన్ చేసి, రెండుసార్లూ ఉద్యోగం గురించి మాట్లాడి పెట్టేశాను. ఈసారి చెప్పాలి.

మరి మీ గుంపుల్లో ఇలాంటి ఖర్చులు ఎలా పంచుకుంటారు? వాడుకున్నవాడే కట్టాలి అంటారా, లేక పందిరి అందరిదీ అంటారా?