ఆ గంట ఎవరిది?

మా ఆఫీసు సంఘం వారు ఏటా వేసే సంచికకు నన్నొక వ్యాసం రాయమన్నారు. విషయం కూడా వారే నిర్ణయించారు: "సంకల్పబలంతో ఒళ్ళు తగ్గటం ఎట్లా?" పద్నాలుగు నెలల్లో నేను 86 కిలోల నుంచి 77 కిలోలకు దిగాను. షుగరు అదుపులోకి వచ్చింది. కనక ఈ విషయం మీద మాట్లాడే అధికారం నాకున్నదని వారు భావించారు. నేను రెండుసార్లు రాయటానికి కూచున్నాను. రెండుసార్లూ వ్యాసం అబద్ధంగా తయారయింది. ఆ వ్యాసం ఎందుకు రాయలేకపోయానో చెప్పటమే ఈ వ్యాసం.

సంకల్పబలం అనే ఈ సిద్ధాంతాన్ని ముందు కాస్త నిదానించి చూద్దాం. మనుషులందరికీ రోజుకు 24 గంటలే. అందులో ఒక గంట తనకోసం కేటాయించుకోగలవాడు ఆరోగ్యవంతుడవుతాడు. అది చేతగానివాడు లావెక్కి, షుగరు తెచ్చుకుని, మోకాళ్ళు పట్టుకుని కూచుంటాడు. అంచేత లావు సోమరితనానికి శిక్ష, సన్నబడటం క్రమశిక్షణకు బహుమానం. పత్రికల ఆరోగ్య పేజీలూ, టెలివిజనూ, చేతిలోని ఫోనూ వేర్వేరు మాటల్లో చెబుతున్నది ఇదే. వినటానికి ఇది ఎంతో సమానత్వం గల సిద్ధాంతంలాగా ఉంటుంది. కలవాడికీ లేనివాడికీ, మగవాడికీ ఆడదానికీ ఒకే 24 గంటలు! కాని గంటలు సమానంగా ఉన్నంత మాత్రాన అవి ఎవరి చేతిలో ఉన్నాయనే ప్రశ్న తీరిపోదు. ఈ సిద్ధాంతం మొదటి అడుగులోనే ఆ ప్రశ్నను దాటేస్తుంది.

నా గంట సంగతే చెబుతాను. మాది విజయవాడ. నేను తెల్లవారుజామున అయిదున్నరకు బయలుదేరి, బందరు రోడ్డు మీది మునిసిపల్ స్టేడియానికి పోయి, ముప్పావు గంట నడిచి, తెలిసినవాళ్ళతో నాలుగు మాటలాడి, ఆరూ ముప్పావుకు ఇంటికి వచ్చేవాణ్ణి. ఆ సమయంలో మా ఇంట్లో ఏం జరిగేదో నాకు చాలాకాలం తెలియదు. చూడటానికి నేనక్కడ లేను గదా. మా ఆవిడ నాలుగున్నరకు లేచేది. కుళాయి నీళ్ళు పట్టి, పాలు కాచి, చట్నీ రుబ్బి, కుక్కరు ఎక్కించి, ఇంటర్మీడియెట్ చదివే మా అమ్మాయిని ఒకసారీ, ఎనిమిదో తరగతి చదివే అబ్బాయిని మూడుసార్లూ లేపి, డెబ్భై ఎనిమిదేళ్ళ మా అమ్మకు పరగడుపున వేసుకోవలసిన మాత్ర ఇచ్చి, అందరి క్యారేజీలూ సర్దేది. ఏడున్నరకు ఆమె తాను పాఠాలు చెప్పే ప్రైవేటు బడికి బస్సెక్కాలి. నేను చెమట తుడుచుకుంటూ వచ్చేసరికి నా రాగిజావ గోరువెచ్చగా బల్లమీద ఉండేది.

అసలు సంగతేమంటే, షుగరు నా ఒక్కడికే కాదు, ఆమెకూ వచ్చింది. ఇద్దరం ఒకే రోజున, ఒకే డాక్టరు దగ్గరకు పోయాం. ఆయన ఇద్దరికీ ఒకే సలహా రాసిచ్చాడు: రోజుకు ముప్పావు గంట నడవండి, అన్నం తగ్గించండి, కూరలూ పప్పూ పెంచండి, వేళకు తినండి, వేళకు నిద్రపోండి. పద్నాలుగు నెలల తరవాత నేను తొమ్మిది కిలోలు తగ్గాను. ఆమె మూడు కిలోలు పెరిగింది. సంకల్పబల సిద్ధాంతం ప్రకారం దీనికి ఒకటే అర్థం: నాకు సంకల్పం ఉన్నది, ఆమెకు లేదు. ఇరవై రెండేళ్ళుగా గడియారం మోగకుండా నాలుగున్నరకు లేచే మనిషికి సంకల్పం లేదట!

ఈ సిద్ధాంతాన్ని పరీక్షించే అవకాశం కూడా నాకు దొరికింది. నిరుడు వానాకాలంలో ఆమె జ్వరంతో పది రోజులు మంచాన పడ్డది. ఇల్లు నా మీద పడ్డది. ఆ పది రోజుల్లో నేనొక్క రోజు కూడా స్టేడియానికి పోలేదు. రాగిజావ కాచుకోలేదు. పిల్లలు విడిచిన ఇడ్లీలు నిలబడి తిని ఆఫీసుకు పరిగెత్తాను. రాత్రి పదకొండుకు పడుకున్నాను. నా సంకల్పబలం ఏమయినట్టు? పదకొండో రోజున మా ఆవిడ మంచం దిగింది. నా సంకల్పబలం కూడా ఆమెతోబాటే లేచి నిలబడ్డది!

తిండి విషయం ఇంతకన్నా విచిత్రం. మా ఇంట్లో షుగరు ప్రవేశించాక మూడు వంటలయినాయి. నాకు జొన్నరొట్టె, నూనె తక్కువ వేసిన కూర. పిల్లలకు ఎప్పటి అన్నం, వేపుడు. అమ్మకు పళ్ళు లేవు గనక మెత్తటి పప్పన్నం. మరి మా ఆవిడకు? ఆమె కంటూ వంట లేదు. ఈ మూడింటిలో మిగిలిందే ఆమె భోజనం. అన్నం పారెయ్యటం తప్పని చిన్నప్పటినుంచి నేర్పారు. అబ్బాయి కంచంలో విడిచిన వేపుడూ, గిన్నె అడుగున మిగిలిన అన్నమూ ఆమె పొట్టలోకి పోవటం పొదుపు అనిపించుకుంటుంది. డాక్టరు ఆమెను "అన్నం తగ్గించమ్మా" అన్నాడు. ఆమె తినే అన్నం ఎవరు విడిచిందో ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి అనుకుందామంటే ప్రభుత్వ లెక్కలు ఒప్పుకోవటం లేదు. జాతీయ గణాంక కార్యాలయం వారు 2019లో దేశమంతటా మనుషుల రోజు ఎట్లా గడుస్తున్నదో సర్వే చేశారు. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తున్నారు; ఆ పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. 2024లో మళ్ళీ లెక్క వేస్తే ఆడవాళ్ళవి 289, మగవాళ్ళవి 88 అయినాయి. అయిదేళ్ళలో ఆడవాళ్ళకు పది నిమిషాలు కలిసొచ్చినందుకు సంతోషిద్దామంటే, మగవాళ్ళం కూడా మన వాటాలోంచి తొమ్మిది నిమిషాలు తప్పించుకున్నాం! మధ్యనున్న తేడా మూడు గంటలకు పైమాట. డాక్టరు అడిగింది ముప్పావు గంటే.

తెలియక చెడిపోతున్నామనే వాదం కూడా నిలవదు. జాతీయ పోషకాహార సంస్థ 1958 నుంచి మన హైదరాబాదులోనే ఉన్నది. 2024లో ఆ సంస్థ భారతీయుల ఆహారానికి 17 సూత్రాలు సవరించి ప్రకటించింది. కూరలూ పప్పులూ ఎక్కువగా తినమనీ, నూనె, ఉప్పు, చక్కెర తగ్గించమనీ, శరీరశ్రమ చెయ్యమనీ చెప్పింది. అన్నీ మంచి మాటలే. అయితే ఆ కూరలు ఎవరు తరగాలో చెప్పటం ఆ సంస్థ పని కాదు. అది మనం తేల్చుకోవలసిన సంగతి. కుక్కరులో బియ్యం పడేస్తే పావుగంటలో అన్నం అవుతుంది. జొన్నరొట్టెలు ఒక్కొక్కటీ తట్టి కాల్చాలి. ఆరోగ్యమయిన తిండి అని మనం చెప్పేదాంట్లో చాలాభాగం ఎక్కువ చాకిరీతో తయారయ్యే తిండి. ఆ చాకిరీని లెక్కలో వెయ్యకుండా ఇచ్చే ఆహార సలహా సగం సలహాయే.

ఇప్పుడు నా మిత్రుల సంగతి. ఈ విషయం మీద రాస్తానంటే మన అభ్యుదయ మిత్రులు కొందరు నవ్వారు. "తిండిలేని దేశంలో తిన్నదరగని వాళ్ళ బాధలు మనకెందుకు?" అన్నారు. ఒకప్పుడు నేనూ ఇట్లాగే మాట్లాడేవాణ్ణి. బొజ్జ షావుకారుకే ఉంటుందనీ, కష్టజీవి సన్నగానే ఉంటాడనీ మన కార్టూన్లు మనకు నేర్పాయి. లోకం మారింది, కార్టూను మారలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో నూటికి 36 మంది ఉండవలసిన బరువుకు మించి ఉన్నారు. అదే సర్వేలో, అదే వయసు ఆడవాళ్ళలో, నూటికి 58 మందికి పైగా రక్తం తక్కువ. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. వీళ్ళు వేరు, వాళ్ళు వేరు అనుకోవటానికి వీల్లేదు. ఒకే ఒంట్లో కొవ్వు ఎక్కువా, రక్తం తక్కువా ఉండవచ్చు. అది తిండి ఎక్కువయిన ఒళ్ళు కాదు. అన్నం దొరికి తక్కినవి దొరకని ఒళ్ళు.

మా ఇంట్లో అంట్లు తోమే ఆమె రోజుకు అయిదిళ్ళలో పనిచేస్తుంది. ఆమె లావుగానే ఉంటుంది. ఆమెకు రక్తపోటున్నది, మోకాళ్ళ నొప్పులున్నాయి. ఒక ఇంటికీ మరో ఇంటికీ మధ్య చక్కెర వేసిన టీ తాగుతుంది, ఎందుకంటే ఓపిక తెచ్చుకోవటానికి అంతకన్నా చవకయిన సాధనం లేదు. 2023 జనవరి నుంచి రేషను కార్డు మీద అర్హులకు మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం ఉచితంగా వస్తున్నది. మంచిదే. కాని కూర, గుడ్డు, పండు బజారు ధరకే కొనాలి. ఆమె అన్నంతో కడుపు నింపుకుంటే తప్పెవరిది? మా ఆవిడ ఒకనాడు ఆమెను, "నువ్వు కూడా కాస్త నడవాలే" అన్నది. ఆమె, "నడవక ఎట్లా వచ్చాననుకున్నారు అమ్మగారూ?" అన్నది. నాకు తెలిసి ఈ విషయం మీద ఇంతకు మించిన విమర్శ ఎవరూ చెయ్యలేదు.

పనిగంటల చరిత్ర కూడా మనం తిరిగి చదువుకోవాలి. 1886లో షికాగో కార్మికులు ఎనిమిది గంటల పనిదినం కోసం నిలబడ్డారు. మిగిలిన పదహారు గంటల్లో సగం నిద్రకు, సగం మనిషి సొంతానికి అన్నారు. ఎంతో న్యాయమయిన లెక్క. కాని అన్నం ఎవరు వండుతారన్నది ఆ లెక్కలో లేదు. దాన్ని సరిచెయ్యకుండానే, ఉన్న లెక్కను కూడా ఇప్పుడు వెనక్కు తిప్పుతున్నారు. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజువారీ పనికి 9 గంటలుగా ఉన్న హద్దును 10 గంటలకు పెంచాలని నిర్ణయించింది. మరుసటి నెలలో తెలంగాణ ప్రభుత్వం వారానికి 48 గంటల హద్దు ఉంచుతూనే వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి అనుమతించింది. ఆ పెరిగే గంట ఎక్కడినుంచి వస్తుంది? నిద్రలోంచి వస్తుంది, నడకలోంచి వస్తుంది, వేళకు తినే భోజనంలోంచి వస్తుంది. ఒక చేత్తో గంట లాక్కుని, రెండో చేత్తో ఆరోగ్యసూత్రాల కరపత్రం ఇవ్వటం ఏం నీతి? ఒళ్ళు తగ్గించే ఖరీదయిన సూదిమందులు కొన్ని 2025లో మన దేశపు బజారులోకి కూడా వచ్చాయి. అవసరమయిన రోగికి అవి మేలు చేస్తాయి, కాదనను. కాని తీరిక దొరకనివాళ్ళ గంటను ఏ మందూ తెచ్చివ్వలేదు.

"అయితే సంఘం మారేదాకా ఎవరూ నడవకూడదంటావా?" అని అడిగేవారుంటారు. ఆ మాట నేననలేదు. నడవాలి. షుగరు విప్లవం కోసం ఆగదు. కాని నడిచేవాడు తన గంట ఎవరి దగ్గర తీసుకున్నాడో తెలుసుకుని నడవాలి. సాధ్యమయితే తిరిగి ఇవ్వాలి.

మా ఇంట్లో నాలుగు నెలలుగా ఒక ఏర్పాటు నడుస్తున్నది. వారంలో మూడు రోజులు ఆమె స్టేడియానికి పోతుంది, మూడు రోజులు నేను పోతాను. ఆమె పోయిన రోజున వంటిల్లు నాది. మూడు వంటలు పోయి ఒకే వంట మిగిలింది; పిల్లలు పది రోజులు గొణిగి ఊరుకున్నారు. మా అమ్మ మటుకు, "నీ పప్పులో ఉప్పుండదురా" అంటూ తింటున్నది. విడిచిన అన్నం విడిచినవాళ్ళే మర్నాడు తాలింపు పెట్టుకుని తినాలన్న నియమంతో కంచాల్లో విడవటం తగ్గింది. ఫలితం చెప్పాలి గదా: ఆమె షుగరు కాస్త దిగింది, బరువు ఒక కిలో తగ్గింది. నేను రెండు కిలోలు పెరిగాను. స్టేడియంలో మిత్రులు, "ఏమండీ, సంకల్పం సడలిందా?" అని పరామర్శిస్తున్నారు.

ఈ ఏర్పాటు పరిష్కారమని నేను చెప్పను. ఒక గంటను ఇద్దరం పంచుకున్నాం, అంతే. రెండో గంట ఇంట్లో దొరకదు. అది ఇంటి బయటినుంచి రావాలి. 2001లో సుప్రీంకోర్టు ఆదేశించాక ప్రభుత్వ బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం పెట్టటం దేశమంతటా వ్యాపించింది. దానివల్ల పిల్లలకు అన్నం దొరకటమే గాక, ఎందరో తల్లులకు తెల్లవారుజామున ఒక క్యారేజీ బెడద తప్పింది. ఇంటి చాకిరీని సంఘం మోయగలదనటానికి ఇది రుజువు. అట్లాగే ఆఫీసు వేళకు వదలటం, పేటపేటకూ దీపాలున్న నడకదారి, మోటారు సైకిళ్ళు ఆక్రమించని పేవ్‌మెంటు, రేషను దుకాణంలో బియ్యంతోబాటు పప్పూ జొన్నలూ కూడా ప్రతి నెలా దొరకటం — ఇవన్నీ ఒళ్ళు తగ్గించే సాధనాలే. వీటికి కూడా సంకల్పబలం కావాలి. అయితే అది ఒంటరి మనిషిది కాదు.

ఆఫీసు సంఘం వారికి ఈ వ్యాసమే పంపాను. విషయం దారి తప్పిందని తిప్పి పంపారు. వారు అడిగిన వ్యాసం మరెవరయినా రాస్తారు, తప్పకుండా అచ్చవుతుంది. చదివేవారు దాంట్లో ఒక్క సంగతి వెతకాలని నా మనవి: ఆయన నడుస్తున్నప్పుడు ఆయన ఇంట్లో పాలు ఎవరు కాచారు?