చౌక ఊరు ఎవరికి చౌక?

మన్సూరాబాద్‌లో మా వీధి చివర మేడమీద పోర్షన్‌లో ఉండే భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. 2020 మార్చి లాక్‌డౌన్‌తో ఇంట్లోకి వచ్చిన వాళ్ల ఆఫీసులు మళ్లీ బయటికి పోలేదు. ఆ మధ్య ఆమె నాకొక నోటు పుస్తకం చూపించింది. అందులో భర్త గీసిన పట్టిక ఉంది. ఒక పక్క మన్సూరాబాద్, ఇంకో పక్క హనుమకొండ, అంటే ఆమె అత్తగారి ఊరు. ఇక్కడ అద్దె 14,000, అక్కడ సొంతిల్లు కనుక సున్నా. పనిమనిషికి ఇక్కడ 3,000, అక్కడ సున్నా. కర్రీ పాయింట్‌లో కొనే కూరలకు 2,000, అక్కడ సున్నా. బడి అయ్యాక పాపను చూసుకునేవాళ్లకు 5,000, అక్కడ అదీ సున్నా. మిగతావి రెండుచోట్లా ఒకటే. నెలకు 24,000 మిగులు.

"లెక్కలో తప్పేం లేదండీ, కానీ వెళ్లాలంటే నాకు మనసొప్పడం లేదు" అంది, అదేదో తన స్వార్థమైనట్టు.

నాకు మాత్రం లెక్కలోనే తప్పు కనిపించింది. అద్దె 14,000 తీసేస్తే మిగిలిన 10,000 ఎక్కడి నుంచి వచ్చాయి? హనుమకొండలో గిన్నెలు వాటంతటవే శుభ్రపడవు, కూరలు చెట్టున కాయవు. ఆ మూడు సున్నాలూ ఆమె చేతులు, అత్తగారి చేతులు. ఊరు చౌక కావడం వల్ల కాదు, ఆడవాళ్ల శ్రమకు ఖరీదు కట్టకపోవడం వల్ల వచ్చిన మిగులు అది. అత్తగారి వయసు గురించి ఆ పట్టికలో ఎవరూ ఆలోచించనేలేదు.

ఈమెకు ఆ ఊరు కొత్త కాదు. లాక్‌డౌన్‌లో ఏడాదిన్నర అక్కడే ఉంది. అత్తగారు మంచి మనిషే అంటుంది. అయినా "ఇంట్లోనే ఉంది కదా" అనే మాట ఆ ఇంట్లో అందరి నోటా ఉండేదట. మామగారి భోజనం పన్నెండున్నరకు, ఆమె టీమ్ మీటింగ్ పన్నెండింటికి. భర్త గది తలుపు మూస్తే పని చేసుకుంటున్నాడు, ఈమె తలుపు మూస్తే పొగరు. ఇక్కడ మన్సూరాబాద్‌లో ఏదో స్వర్గముందని కాదు. రెండు పడకగదుల్లో ఒకటి ఆయన ఆఫీసు. ఈమె ఆఫీసు వంటగది పక్కన భోజనాల బల్ల. కుక్కర్ విజిల్ వినపడకుండా మైకు ఆపుకుంటూ మాట్లాడుతుంది. గ్యాస్ బండ వచ్చినా, కొరియర్ వచ్చినా లేచేది ఈమే. ఎందుకంటే ఆయన మీటింగ్‌లో ఉంటారు.

కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. ఇందులో అసలు ఇంటిపని ముట్టని మగవాళ్లు లేరు, ముట్టేవాళ్ల సగటే ఇది. ఇంటి పనికీ, ఇంటి నుంచి చేసే పనికీ మధ్య గోడ లేనప్పుడు ఈ నిమిషాలు ఎక్కడికి పోతాయి? తెల్లవారుజాముకూ, అర్ధరాత్రికీ జరుగుతాయి.

ప్రభుత్వం నగరాలను కొలిచే పద్ధతి కూడా ఆ నోటు పుస్తకం లాంటిదే. కేంద్ర ఉద్యోగుల ఇంటి అద్దె భత్యం కోసం హైదరాబాద్ ఎక్స్ తరగతి. వరంగల్, విజయవాడ, విశాఖ, గుంటూరు, నెల్లూరు వై తరగతి. ఏడవ వేతన సంఘం తర్వాత 2017 జూలై నుంచి ఈ తరగతులకు వరుసగా మూల వేతనంలో 24, 16 శాతం చొప్పున ఇచ్చారు. కొలబద్ద జనాభా. ఆ ఊళ్లో పిల్లల్ని వదిలేందుకు చోటుందా, రాత్రి ఎనిమిదికి ఆడమనిషి బస్సెక్కగలదా అన్నవి ఏ తరగతిలోకీ రావు.

మన పాఠకులకు నరసాపురం లేసు గుర్తుండే ఉంటుంది. పశ్చిమ గోదావరిలో ఇళ్లల్లో కూర్చుని లేసు అల్లే స్త్రీల మీద మరియా మీస్ 1982లో పుస్తకం రాసింది. ప్రపంచ మార్కెట్‌కు సరుకు చేస్తున్న ఆ స్త్రీలను కార్మికులుగా కాక, తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులుగా చూడటం వల్లే అంత తక్కువ కూలి సాధ్యమైందని ఆమె చూపించింది. లేసు అల్లే స్త్రీ కూలినీ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని జీతాన్నీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. ఇల్లు స్త్రీది కనుక అక్కడ చేసేది సగం పనే అన్న తర్కం మాత్రం రెండుచోట్లా ఒకటే. కంపెనీకి అద్దె, కరెంటు, క్యాంటీన్ ఖర్చు తగ్గింది. ఆ ఖర్చు ఆమె భోజనాల బల్ల మీదకు వచ్చింది.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటూ బెంగళూరు కంపెనీకి పనిచేసే ఒక అమ్మాయిని అడిగాను, సూర్యాపేట దగ్గర సొంతూరు ఉండగా ముగ్గురు పడుకునే గదికి నెలకు 7,000 ఎందుకు కడుతున్నావని. "మేడమ్, ఇంటికి పోతే ఏడువేలు మిగుల్తయి, ఆరు నెలల్ల పెళ్లి చేస్తరు" అంది. మంచం మీదే ల్యాప్‌టాప్, నడుం నొప్పి. అయినా ఆ 7,000 ఆమె దృష్టిలో అద్దె కాదు, గడువు. ఏ ఖర్చుల పట్టికలో దీన్ని ఏ గడిలో రాస్తారు?

ప్రయాణం సంగతీ ఇంతే. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గం చేరడం అలసటే. కానీ ఆ స్త్రీల పెట్టెలో గడిపే సమయమే తనను ఎవరూ పిలవని సమయం అని చెప్పినవాళ్లు నాకు ఒకరిద్దరు కాదు. తమిళనాడులో 2021 నుంచి, కర్ణాటకలో 2023 జూన్ నుంచి, తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి స్త్రీలకు బస్సు ప్రయాణం ఉచితమైంది. బస్సు ఉచితమైన కాలంలోనే బయటికి వెళ్లే కారణం పోవడం విచిత్రం.

2025 ఫిబ్రవరి 11న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు స్త్రీలకు పెద్ద ఎత్తున ఇంటి నుంచి పని కల్పించే ఆలోచన ప్రకటించారు. ఇంటికి దగ్గరలో కలిసి పనిచేసుకునే కేంద్రాల మాటా అందులో ఉంది. ఆ రెండో మాటనే మనం పట్టుకోవాలి. వీధికి దగ్గరలో ఒక బల్ల, ఒక కుర్చీ, పక్కనే శిశు సంరక్షణ కేంద్రం ఉంటే అది నిజంగా ఉద్యోగం. అవి లేకుండా "ఇంట్లోనే చేసుకోండి" అంటే ఇంటిచాకిరీకి ఇంకో షిఫ్టు కలపడమే. కరెంటు, నెట్ ఖర్చు యజమాని భరించాలి, పని గంటలు ముగిశాక ఫోన్ ఎత్తకపోతే తప్పు కాకూడదు. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం నివాస గృహాన్ని కూడా పనిస్థలంగా నిర్వచించింది. 1966 బీడీ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవాళ్లను కార్మికులుగానే గుర్తించింది. ఇంటి దగ్గర పని చేసేవారికోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన 177వ ఒడంబడికను మాత్రం భారత్ ఇంకా ఆమోదించలేదు.

మా వీధి ఆమె ఆ పట్టికలో ఇంకో నిలువు గీత గీసి, పైన "నా గంటలు" అని రాసింది. భర్త ఇంకా చూడలేదట. విజయవాడ నుంచైనా, బెంగళూరు నుంచైనా, డల్లాస్ నుంచైనా మీరూ మీ పట్టిక అలాగే గీసి పంపండి. అద్దె, పాలు, కరెంటుతో పాటు ఎన్ని గంటలకు లేచారో, ఎవరి తలుపు మూసి ఉందో కూడా రాయండి. వచ్చే సంచికలో వాటిని పక్కపక్కన పెట్టి చూద్దాం.